నలభై రెండు మేకుల పలక

మా పెద్ద మిస్ పోయారు. పాత కక్ష మనసులో పెట్టుకుని నేను ఆమెను కడసారి చూడడానికి కూడా వెళ్ళలేదన్న మాట ఒకటి పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో తిరుగుతున్నదని విన్నాను. అది నిజం కాదు. శుక్రవారం తెల్లవారుతూనే కబురు అందింది. రాబర్ట్‌సన్‌పేటలో మొదటి బస్సెక్కి క్యాసంబళ్ళి చేరాను. ఆమె ఇంటి వెనుక పశువుల కొట్టం పక్కన, ఊరి ఆడవాళ్ళ మధ్య నిలబడి, అంతా ముగిసేదాకా ఉన్నాను. ముందు వరుసలో నిలబడి ఫొటోలో పడవలసిన అవసరం నాకు కనిపించలేదు. ఫొటోలో లేనివాళ్ళు రానివాళ్ళే అనుకునే కాలం వచ్చింది కనుక ఈ వివరణ.

ఆ మాటకు తోకగా మరొకటి కూడా ఉంది. ఏభై ఏళ్ళ కిందట పెద్ద మిస్ నన్ను పిల్లలందరి ఎదుట మోకాళ్ళ మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించారనీ, మా కక్షకు అదే మూలమనీ. ఇది మొదటిదానికంటే పెద్ద అబద్ధం. నా మీద పడే మాటలను దులుపుకోవడం నాకు చేతనవును. ఆమె మీద పడేవాటిని దులుపుకోవడానికి ఆమె ఇక లేరు. పిల్లల ఎదుట ఒక మనిషిని అవమానించారన్న పేరు ఆ తల్లికి మిగలకూడదు. అందుకే జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరి బంగారు గనులు ప్రభుత్వపరమైన కొన్నేళ్ళకు, ఛాంపియన్ రీఫ్స్ వైపు ఉన్న ఒక బడిలో, తెలుగు మాధ్యమ విభాగానికి నేను ఉపాధ్యాయినిగా చేరాను. ప్రధానోపాధ్యాయురాలిని అందరూ పెద్ద మిస్ అనేవారు కనుక నేను చిన్న మిస్‌ని అయ్యాను. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. గని ఆఫీసు గుమాస్తా కూతురిని, మా వంశంలో బి.ఏ. చదివిన మొదటి ఆడదాన్ని, బెంగళూరులో శిక్షణ పొంది వచ్చినదాన్ని. ఈ మూడు సంగతులూ నేను చెప్పకుండానే ఎదుటివాళ్ళకు తెలియాలని కోరుకునేదాన్ని.

పెద్ద మిస్ క్యాసంబళ్ళి రైతుబిడ్డ. ఇంటి మాటనే బడిలోనూ మాట్లాడేవారు. చేరిన రోజు నా సర్టిఫికెట్లు ఆమె ముందు పెట్టాను. వాటిని పక్కకు జరిపి, "ఇవి యాడికీ పోవులేమ్మా. తిన్నావా లేదా, అది చెప్పు," అన్నారు. లేదన్నాను. తన డబ్బాలోని రాగి ముద్దను రెండుగా తుంచి, ఒక సగం మూతలో పెట్టి నా వైపు జరిపారు. పుట్టింది ఈ నేల మీదే అయినా, బెంగళూరు నుండి వచ్చినదాన్ని కదా, నా కళ్ళు చెంచా కోసం వెతికాయి. ఆమె చూశారు. "ముద్దకు చెంచా పెడితే ముద్ద అలుగుతాది తల్లీ," అన్నారు. ఆ తర్వాత ఆ గదిలో నేనెప్పుడూ చెంచా కోసం చూడలేదు.

ఆ గదిలో మూడు కుర్చీలు ఉండేవి. ఒకటి ఆమెది. ఒకటి ఇన్‌స్పెక్టరు వస్తే ఆయనది. మూడోది పిల్లల తల్లులది. గని కార్మికుల ఇళ్ళలోని ఆడవాళ్ళు ఏ ఆఫీసుకు వెళ్ళినా గడప దగ్గరే నిలబడి మాట్లాడడం అలవాటైనవాళ్ళు. కుర్చీ చూపిస్తే వెనక్కు తగ్గేవారు. "కూసో అక్కా. నిలబడి చెప్తే ఫిర్యాదు అయితాది, కూసోని చెప్తే మాట అయితాది," అనేవారు పెద్ద మిస్. ఎదుటి మనిషి కూర్చునేదాకా తాను కూర్చునేవారు కాదు.

పొద్దుటి గంట ఎవరు కొట్టినా ఆమె పట్టించుకునేవారు కాదు. సాయంత్రం గంట మాత్రం తానే కొట్టేవారు. జ్వరంగా ఉన్న రోజు కూడా చీర కొంగు తలకు చుట్టుకుని వచ్చి కొట్టడం నేను చూశాను. ఒక నిమిషం ఆలస్యం కావడానికి ఒప్పుకునేవారు కాదు. "పొద్దున్నే మనం పిలిస్తే వచ్చినారు. పంపించేది మాత్రం మన ఇష్టమా?" అనేవారు.

ఇక నా సంగతి. నేను చేరేనాటికి ఆ బడిలో ప్రతి బల్ల మీదా ఒక బెత్తం ఉండేది. నేను బెత్తం ముట్టలేదు. కొట్టకుండా పిల్లలను దారిలో పెట్టగలనన్నది నా గర్వం. అందుకు ఒక పద్ధతి కనిపెట్టాను.

గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. దిగేటప్పుడు, హాజరు వేసే టైమాఫీసు దగ్గరి బోర్డు మీద తన మేకుకున్న బిళ్ళను తీసుకోవాలి. పైకి వచ్చాక మళ్ళీ ఆ మేకుకే తగిలించాలి. షిఫ్టు ముగిసినా మేకు ఖాళీగా ఉన్నదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. మా ఊళ్ళో నడక నేర్వని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. దాన్నే నేను తరగతిలోకి తెచ్చాను. ఒక పాత చెక్కపెట్టె పలక సంపాదించి, నలభై రెండు మేకులు కొట్టించి, పిల్లల చేతికి అందే ఎత్తులో తగిలించాను. బిస్కట్ డబ్బాల రేకును గుండ్రంగా కత్తిరించి నంబర్లు వేయించాను. పొద్దున రాగానే ఎవరి బిళ్ళ వాళ్ళు తగిలించాలి. తప్పు చేసినవారి బిళ్ళను నేను తీసి నా సొరుగులో వేస్తాను. అంటే వాళ్ళు లోపల ఉన్నట్టు. లోపల ఉన్నవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు, వాళ్ళు ఎవరితోనూ మాట్లాడకూడదు. వాళ్ళు ఏమడిగినా నేను బదులు చెప్పను. నేను బిళ్ళను తిరిగి తగిలించేదాకా అంతే.

దెబ్బ లేదు, తిట్టు లేదు. తరగతిలో కాగితం కదిలితే వినిపించేది. ఇన్‌స్పెక్టరు వచ్చి మెచ్చుకుని వెళ్ళారు. పెద్ద మిస్ మెచ్చుకోలేదు. ఒక మధ్యాహ్నం ఆ పలక ముందు నిలబడి, "ఎంతసేపమ్మా లోపల?" అని అడిగారు.

"తప్పును బట్టి మేడమ్."

"ఎంతసేపో బిడ్డకు తెలుసునా?"

"తెలిస్తే భయం ఎక్కడుంటుంది?" అన్నాను.

ఆమె తన గదికి వెళ్ళిపోయారు. ఆ రోజే ఆపి ఉండవలసిందని తర్వాత ఆమె నాతో అన్నారు. "చదువుకొని వచ్చిన బిడ్డవి, నొచ్చుకుంటావని ఊరకున్నా. దీంట్లో నా తప్పు కూడా ఉండాది."

ఒక శుక్రవారం పొద్దున, లెక్కల పాఠంలో, సుగుణ అనే పిల్ల పక్క పిల్లతో గుసగుసలాడింది. పదకొండేళ్ళ పిల్ల. బిళ్ళ తీశాను. మధ్యాహ్నం సెలవు పెట్టి, గౌనిపల్లిలో మా చిన్నాన్న కూతురి పెళ్ళికి బయలుదేరాను. బస్సు అందుతుందో లేదో అన్న ఆదుర్దాలో సొరుగులోని బిళ్ళను మరిచాను. పెళ్ళిలో రెండు రోజులు గడిపాను. ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

సోమవారం నేను బడికి వచ్చేసరికి పెద్ద మిస్ గదిలో, మూడో కుర్చీలో, ఒక ఆమె కూర్చుని ఉంది. పక్కన సుగుణ నిలబడి ఉంది.

"ఎవరి బిళ్ళమ్మా నువ్వు తీసింది?" అని పెద్ద మిస్ నన్ను అడిగారు.

నేను ఒక అంకె చెప్పాను. ఆ అంకె ఇక్కడ రాయను. ఎందుకో చివర చెబుతాను.

"పేరు అడిగినా," అన్నారు ఆమె.

పేరు చెప్పాను. అప్పుడు ఆ తల్లి మాట్లాడింది. గొంతు పెంచలేదు. "మూడు దినాలాయె మిస్, బిడ్డ నోరు తెరిచి. అన్నం పెడితే తింటాది. పిలిస్తే చూస్తాది. మాట లేదు. ఏం గాలి సోకిందోనని తాయెత్తు కట్టించినా. నిన్న దీని జత పిల్ల వచ్చి చెప్పింది, దీని బిళ్ళ ఇంగా మేకుకు రాలేదంట." అంతవరకు పెద్ద మిస్‌తో చెప్పి, నా వైపు తిరిగింది. "నిరుడు మా ఆయన బిళ్ళ మేకుకు రాలే. రెండు దినాలు టైమాఫీసు కాడ నిలబడి ఆ మేకునే చూసినాము, నేనూ ఇదీ. ఇప్పుడు దీనిది కూడానా అమ్మా?"

"నాకు తెలియదు," అన్నాను. నిజంగానే తెలియదు. తెలుసుకోవడానికి, బడిలో చేరిన నాటి నుండి ఏడు నెలల సమయం ఉండింది, నేను అడగలేదు.

తల్లిని పంపించాక పెద్ద మిస్ మెమో రాస్తారని ఎదురుచూశాను. మెమోకు ఎలా జవాబు రాయాలో కూడా ఆలోచించుకున్నాను. ఆమె కలం ముట్టలేదు. "తీసింది నువ్వు. పొయ్యి నువ్వే తగిలించు," అన్నారు. సుగుణ చూస్తుండగా తగిలించాను. ఆ పిల్ల మేకు వైపు చూసింది, నా వైపు చూసింది, వెళ్ళి తన చోట కూర్చుంది. మాట మాత్రం రాలేదు. బిళ్ళ పైకి వచ్చింది, పిల్ల లోపలే ఉండిపోయింది.

ఆ తర్వాతి రోజులలో పెద్ద మిస్ చేసినది చెప్పాలి. మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో సుగుణ పక్కన, నేల మీద, డబ్బా విప్పుకుని కూర్చునేవారు. మాట్లాడమని ఒక్కసారి కూడా అడగలేదు. తానే మాట్లాడేవారు. "మా ఎర్రావు ఈనిందే సుగుణా. కోడెదూడ. నుదుట తెల్ల మచ్చ. ఏం పేరు పెడదాము?" అని, బదులు కోసం ఆగి, బదులు వచ్చినట్టే తల ఊపి, "అదీ బాగుండాది, ఆలోచిస్తా," అని ముందుకు సాగేవారు. మరునాడు మళ్ళీ ఎర్రావు. దూరం నుండి చూస్తే ఇద్దరూ మాట్లాడుకుంటున్నారనే అనిపించేది.

నేను మాత్రం నా గర్వంతో పెనుగులాడుతున్నాను. ఎనిమిదో రోజున ఒక ఉపాయం తోచింది. నలభై మూడో బిళ్ళ ఒకటి నా పేర చేయించి, దాన్ని పిల్లల ఎదుట నేనే తీసి సుగుణ చేతిలో పెడతాను. ఆ పిల్ల తగిలించేదాకా నేను లోపల ఉన్నట్టు, ఎవరితోనూ మాట్లాడను. ఇది చాలా గొప్ప ఆలోచన అనుకుని పెద్ద మిస్‌కు చెప్పాను. ఆమె చేతిలోని రిజిస్టరు మూసి పెట్టారు.

"నీ బరువు కూడా దాని నెత్తినే పెడతావా? నీకు నువ్వు శిక్ష ఏసుకుంటే అది నాటకమమ్మా. చూసేవాళ్ళు బాగుండాదంటారు. ఆ బిడ్డకు కావలసింది నీ శిక్ష కాదు. అది ఆ దినం నీకు ఏమో చెప్పుకోవాలనుకున్నింది. అది వినేవాళ్ళు కావాల."

"అయితే తరగతిలో క్షమాపణ చెప్పమంటారా?" అని కొంచెం కటువుగానే అడిగాను.

"నేను చెప్పించను. చెప్పించే మాట కూడా ఒగ శిక్షే. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే లేదు. దాన్ని మాత్రం పోయి అడుగు."

ఆమె అన్న మాటలు ఇవి. అక్షరం మార్చలేదు. మోకాళ్ళ కథ చెప్పేవాళ్ళు దయచేసి వీటిని మరొకసారి చదవాలి.

ఇంకా నాలుగు రోజులు పట్టింది నాకు. పన్నెండో రోజు సాయంత్రం, గంట కొట్టాక, గని కార్మికుల లైన్ ఇళ్ళకు వెళ్ళాను. ఒకే గోడకు వరుసగా అతికించినట్టుండే ఆ ఇళ్ళ ముందు ఆడవాళ్ళు కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నన్ను చూసి మాటలు ఆపారు. సుగుణ తల్లి గడపలోంచి లేచి, లోపలికి వెళ్ళి, ఒక చెక్కపెట్టె తెచ్చి బోర్లించింది. "కూసో మిస్. మీ బడిలో నాకు కుర్చీ ఏసినారు," అంది. ఆ మాట ఎత్తిపొడుపు కాదు. మర్యాదకు మర్యాద.

కూర్చున్నాను. సుగుణతో, నేను బిళ్ళ తీయడం తప్పని, తీసి మరిచిపోవడం అంతకంటే తప్పని చెప్పాను. వాళ్ళ నాన్న సంగతి నాకు తెలియదని, తెలుసుకోకపోవడం కూడా నా తప్పేనని చెప్పాను. ఆ తర్వాత, శుక్రవారం నాడే అడగవలసిన మాట అడిగాను. "ఆ రోజు పక్క పిల్లతో ఏం మాట్లాడావు సుగుణా?"

కుళాయి కింద ఒక బిందె నిండి పొర్లింది, ఎవరూ తీయలేదు.

"పెన్సిలు ములుకు ఇరిగింది మిస్," అంది సుగుణ. "బ్లేడు అడిగినాను."

అంతే. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏమన్నానో నాకు గుర్తు లేదు. సుగుణ మాత్రం వెంటనే మరొక మాట అడిగింది: "పెద్ద మిస్ దూడకు పేరు పెట్టేసినారా?"

మరునాడు తరగతిలో నా తప్పు నేను చెప్పాను. ఎవరూ చెప్పమనలేదు. చెబుతూనే బిళ్ళలన్నీ తీసి ఎవరివి వాళ్ళకు ఇచ్చాను. పలక పిల్లల ఎత్తులో ఉండేది కనుక మోకాళ్ళ మీద కూర్చుని తీయవలసి వచ్చింది. అదే సమయానికి పెద్ద మిస్ వరండాలోంచి గుమ్మం దాకా వచ్చి, నా గొంతు విని, వినకూడదని వెనక్కు తిరిగారు. ఇటు నేను మోకాళ్ళ మీద, అటు ఆమె గుమ్మంలో. ఇదంతా మైదానంలోంచి డ్రిల్ మాస్టారు చూశారు. ఏభై ఏళ్ళుగా నడుస్తున్న కథకు పుట్టుక అక్కడ. ఆయన చెడ్డవారు కాదు. చూసినదానికి విననిది కలిపారు.

అప్పుడు పెద్ద మిస్ ఒక పని చేశారు. ఏడో తరగతి పిల్లలను కూర్చోబెట్టి, మిస్ గానీ మాస్టారు గానీ శిక్ష వేస్తే పిల్లలకు ఏమేమి ఉండాలో మీరే చెప్పండి అన్నారు. పిల్లలు చాలా చెప్పారు. మిఠాయి కూడా అడిగారు. చివరికి నాలుగు మాటలు మిగిలాయి. శిక్ష ఎందుకో అడగవచ్చు. మన మాట చెప్పుకోవచ్చు. ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలియాలి. సాయంత్రం గంట కొట్టాక ఏ శిక్షా మిగలకూడదు. వాటిని అట్ట మీద రాయించి ప్రతి గదిలో తగిలించారు.

"పిల్లకాయలకు హక్కులంట! రేపు వీళ్ళే మనకు మెమో ఇస్తారు మేడమ్," అన్నారు డ్రిల్ మాస్టారు.

"ఇస్తే తీసుకో అప్పా. నువ్వు ఇయ్యలేదా ఇన్ని దినాలు?" అన్నారు ఆమె నవ్వుతూ. ఆ తర్వాత నవ్వు ఆపి, "తల్లి వాకిట్లో నిలబడి చూస్తా ఉంటే ఏయలేని శిక్ష, తలుపు ఏసి కూడా ఏయగూడదు," అన్నారు. ఆ ఏడాది బల్లల మీది బెత్తాలు ఒక్కొక్కటిగా కనిపించకుండా పోయాయి. ఎక్కడికి పోయాయని ఎవరూ అడగలేదు. పెద్ద మిస్ ఇంటి టమాటా మొక్కలకు ఊతకర్రలుగా కొన్నిటిని నేను గుర్తుపట్టాను.

నేను ముప్ఫై మూడేళ్ళు పాఠం చెప్పాను. గనులు మూతబడ్డాయి, లైన్ ఇళ్ళు సగం ఖాళీ అయ్యాయి. ఆమె పదవీ విరమణ చేసి క్యాసంబళ్ళి వెళ్ళిపోయాక, ప్రతి ఏడూ మామిడి కాలంలో ఒక రోజు వెళ్ళి వచ్చేదాన్ని. కక్ష ఉన్నవాళ్ళు అలా వెళ్ళరు. పోయిన వేసవిలో ఆమెకు చూపు దాదాపు లేదు. నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తడిమి, "చిక్కిపోయినావు. ఒక్కదానివే వండుకుంటావు, సరిగ్గా తినవు," అన్నారు. తర్వాత ఉన్నట్టుండి, "ఆ పలక ఇంగా ఉండాదా నీ కాడ?" అని అడిగారు.

ఉందన్నాను.

"ఎందుకు పెట్టుకున్నావు?"

"మరవకూడదని."

"మరవకుండా ఉండేదానికి మేకులు కావాల్నా తల్లీ?" అన్నారు. ఆమెకు నేను బదులు చెప్పకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే.

ఆమె పోయిన కబురు నాకు ఫోన్ చేసి చెప్పింది సుగుణే. నర్సుగా పనిచేసి రిటైరై, వేమగల్‌లో కొడుకు దగ్గర ఉంటోంది. "పెద్ద మిస్ పోయినారు మిస్," అని, ఆపైన చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి ఆ మౌనంలో నేనూ ఉన్నాను.

వచ్చే ఆదివారం బడిలో సంస్మరణ సభ పెడుతున్నారు. పాత విద్యార్థులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఇద్దరికీ తల నెరిసింది. "మిస్, ఆ టోకన్ బోర్డు మీ కాడే ఉండాదంట కదా. ఇస్తే పెద్ద మిస్ ఫొటో కింద తగిలిస్తాము. గనుల కాలం గుర్తుగా ఉంటాది. సభలో మీరు ఐదు నిమిషాలు మాట్లాడాల. ఆ పాత సంగతి మాత్రం ఎత్తొద్దు మిస్, మీకే బాగుండదు," అన్నారు. నా పరువును కాపాడాలన్నదే వాళ్ళ ఉద్దేశం. కాఫీ ఇచ్చి, చూస్తానని పంపించాను.

నేను చూడవలసినది ఏమీ లేదు. సుగుణకు ఒక్కటే ఫోన్ చేశాను. జరిగినదంతా రాస్తున్నానని, ఆమె పేరు రాయవచ్చునా అని అడిగాను. "పేరు రాయండి మిస్. నంబరు రాయొద్దు," అంది. అంతకు మించి ఎవరి సలహా అడగలేదు.

నిన్న మధ్యాహ్నం పక్కింటి ఎలక్ట్రీషియన్ దగ్గర పట్టకారు తెచ్చుకున్నాను. తాను పీకి ఇస్తానన్నాడు, వద్దన్నాను. నలభై రెండు మేకులూ పీకాను. తుప్పుపట్టి కొన్ని విరిగాయి. వాటిని వెనుక నుండి కొట్టి తీశాను. ఖాళీ అయిన పలక మీద పిల్లలు చెప్పిన నాలుగు మాటలూ నల్ల రంగుతో రాశాను. వాటి కింద, ఈ మాటలు ఎందుకు అవసరమయ్యాయో, నేను సుగుణకు ఏమి చేశానో, రెండు వాక్యాలలో రాసి నా పేరు పెట్టాను. ఆదివారం దాన్ని నేనే బస్సులో తీసుకువెళతాను. ఐదు నిమిషాలలో దాన్నే చదువుతాను. పెద్ద మిస్ ఫొటో కింద తగిలిస్తే సంతోషం. తగిలించకపోతే అదే బస్సులో తెచ్చుకుంటాను.

రంగు ఆరడానికి పలకను పడమటి కిటికీలో నిలబెట్టాను. సాయంత్రం ఎండ మేకుల చిల్లులలోంచి దూరి గది నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. కుర్చీ జరుపుకుని చూస్తూ కూర్చున్నాను. వాటిలో ఏది ఎవరి మేకో ఇక నాకు తెలియలేదు.